పిల్లల రామభద్రుడి బొద్దు అక్షరాలు

అక్షరాలు కూడా ఒళ్ళు చేస్తాయి, మీరు గమనించారో లేదో! పంచాంగంలో వర్జ్యం, దుర్ముహూర్తం పక్కన ఊపిరాడకుండా ఇరుక్కుని, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చన్నట్టుండే 'క' అక్షరమే, సినిమా పోస్టరు మీదికి వచ్చేసరికి బుగ్గలు పూరించుకుని దర్జాగా కూచుంటుంది. ఈ బొద్దు అక్షరాలలో మళ్ళీ రెండు జాతులు. ఒక జాతివాటికి నడుము దగ్గర లావు, మెడ దగ్గర సన్నం. రెండో జాతివాటికి మొదటినుంచి చివరిదాకా ఒకటే మందం, గుమ్మం ముందు వేసిన ముగ్గు గీతలాగా. కొసలు కూడా కత్తిపెట్టి కోసినట్టు కాక, చిటికెన వేలి కొసలా గుండ్రంగా ముగుస్తాయి. నేను చెప్పబోయేది ఈ రెండో జాతి సంగతి.

వీటిని చూసి, "ఇదంతా ఇంగ్లీషు అక్షరాల వేషమండీ, మనవాటికి అతకదు" అని పెదవి విరిచేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడదు. ఎందుకో చెబుతాను.

కంప్యూటర్లూ ఫోన్లూ వచ్చాక ఈ జాతిలో బాగా పేరుకెక్కిన ఫాంటు 'రామభద్ర'. శీర్షికలకీ, పోస్టర్లకీ, ఆహ్వాన పత్రికలకీ పనికొచ్చేలా తయారైంది. పేరు రాయలవారి కొలువుతో కలిపి చెప్పుకునే అయ్యలరాజు రామభద్రకవిది. 'రామాభ్యుదయం' రాసినాయన. కడప సీమవాడంటారు. సంతానం మెండుగా ఉండడంతో లోకం ఆయన్ని 'పిల్లల రామభద్రుడు' అంది, ముద్దుగానో వెక్కిరింపుగానో. ఇంటినిండా పిల్లలున్న మనిషి పేరు ఇంత పుష్టిగా ఉన్న అక్షరానికి పెట్టడం నాకు భలే నచ్చింది. ఆ పిల్లలందరికీ వేళకింత వండి పెట్టిన ఇల్లాలి పేర మాత్రం ఎవరూ ఫాంటు చేయలేదు!

ఒక్క రామభద్రుడే కాదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, సూరన, రామరాజభూషణుడు, తెనాలి రామకృష్ణుడు - అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ ఫాంట్లయిపోయారు. వాళ్ళ వెనకే శ్రీకృష్ణదేవరాయలూ ఒక ఫాంటు. అమెరికాలో, కాలిఫోర్నియా తెలుగువాళ్ళు పెట్టుకున్న సిలికానాంధ్ర సంస్థ వీటిని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. వీటిలో చాలావాటి తెలుగు రూపాలు గీసినది గుత్తుల పురుషోత్ కుమార్. తర్వాత గూగుల్ ఫాంట్లలో కూడా చేరాయి. ఎవరైనా దించుకోవచ్చు, వాడుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు కూడా. పెద్దన కాలికి గండపెండేరం తొడిగిన రాయలవారు ఈ ఉచిత వితరణకి తప్పక సంతోషిస్తారు.

మన తిరుపతి వైపు వాళ్ళకి ఈ కొలువు కొత్తదేం కాదు. రాయలు ఏడుసార్లు కొండకు వచ్చాడు. తిరుమలదేవి, చిన్నాదేవులతో చేతులు జోడించి నిలుచున్న కంచు విగ్రహాన్ని ఇప్పటికీ గుళ్ళోకి అడుగుపెట్టగానే చూస్తాం. శ్రీకాళహస్తిలో 1516లో పెద్ద గాలిగోపురం కట్టించింది ఆయనే. ఆ గోపురం 2010 మే 26న కుప్పకూలినప్పుడు ఊరు ఊరంతా ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు ఏడ్చింది. మళ్ళీ కట్టారు లెండి. ఆ కాళహస్తీశ్వరుడికే శతకం చెప్పుకున్న ధూర్జటి పేర కూడా ఒక అక్షరం ఉండడం, గోపురం కూలిన కొద్ది సంవత్సరాలకే అది రావడం యాదృచ్ఛికమే అనుకోండి. అయినా మనసుకి కాస్త ఊరటగా ఉంటుంది.

ఇంతకీ ఇన్ని ఫాంట్లు ఒక్కసారిగా ఎందుకు కావలసి వచ్చాయి? కంప్యూటర్లో తెలుగు ముందూ ఉంది. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఒకరి సాఫ్ట్‌వేరులో టైపు చేసిన పెళ్ళిపత్రికని ఇంకొకరి కంప్యూటర్లో తెరిస్తే, 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' కాస్తా పిచ్చిగీతలై కూచునేది. ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ తలా ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ పద్ధతి 1991లో వచ్చింది. మొదటి విడతలోనే తెలుగుకీ చోటు దొరికింది. అయితే నంబరుంటే చాలదుగా, కంటికి కనిపించే రూపం ఉండాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు 'పోతన', 'వేమన' అని రెండు ఫాంట్లు చేసి ఇచ్చారు. వంట చేసుకోవడానికి బియ్యం దొరికాయి, పండక్కి పిండివంటల మాటేమిటి? శీర్షికకో రకం, శుభలేఖకో రకం, సినిమాకో రకం కావద్దూ? తిరుపతిలో నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది 2012 డిసెంబరు 27, 28, 29 తేదీల్లో. ఈ అష్టదిగ్గజాల అక్షరాలు పుట్టిన కాలం కూడా ఇంచుమించు అదే. భాష గురించి వేదికల మీద ఉపన్యాసాలు ఎన్ని దంచినా, ఆ ఉపన్యాసం నాలుగు తరాలు నిలవాలంటే చివరికి ఎవరో ఒకరు కూచుని 'క' నుంచి 'క్ష' దాకా గీయాల్సిందే.

ఇక ఇంగ్లీషు వేషం మాట. ఇంగ్లీషు అక్షరాల్లో కొన్నిటికి కాళ్ళ దగ్గర చిన్న చిన్న అడ్డగీతలుంటాయి, మన కాలి మెట్టెల్లాగా. వాటిని సెరిఫ్‌లంటారు. మెట్టెలు తీసేసిన అక్షరాలు సాన్స్ సెరిఫ్. 'సాన్స్' అంటే ఫ్రెంచి భాషలో 'లేకుండా' అని. ఆ బోసి అక్షరాలకి కొసలు గుండ్రంగా నున్నచేస్తే ఈ బొద్దు రకం వస్తుంది. జర్మనీలో ఫోక్స్‌వాగన్ కార్ల కంపెనీ 1979లో ఇలాంటి అక్షరాలు తన కోసం ప్రత్యేకం గీయించుకుంది. ఏపిల్ కంప్యూటర్ల మీటల మీద చాలా ఏళ్ళు అవే ఉండేవి. గుండ్రటి కొసలు చూస్తే మనిషికి భయం పుట్టదట, పలకరిస్తున్నట్టు ఉంటుందట. ఇంతవరకూ వాళ్ళ కథ, నిజమే.

మన అక్షరాలకి అసలు మెట్టెలే లేవు, తీయడానికి! పైన తలకట్టుంది. గుడి, సుడి, కొమ్ము, వట్రసుడి ఉన్నాయి. పేర్లు చూడండి ఎంత ముచ్చటగా ఉన్నాయో. తలకట్టు తప్పిస్తే తతిమ్మావన్నీ వంపులే. తాటాకు మీద గంటంతో అడ్డంగా తిన్నని గీత గీస్తే ఈనె వెంబడి ఆకు చీలుతుందని, అందుకే మన రాత గుండ్రాలు తిరిగిందని పెద్దలు చెబుతారు. తిరుపతిలో 1939లో దేవస్థానం వారు నెలకొల్పిన ప్రాచ్య పరిశోధనాలయం ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉంది. తాళపత్రాల భాండారం అది. ఎక్కడైనా ఒక తాళపత్ర గ్రంథం చూసే అవకాశం దొరికితే అక్షరాన్ని కాదు, గీతని చూడండి. గంటం మొన ఇనుము. ఎటు తిప్పినా అదే మొన. కనుక గీత ఎక్కడా లావెక్కదు, సన్నబడదు. ఆకు మీద గీరుకున్నంత మేరా ఒకే మందం. దాని మీద మసో, ఆకుపసరో పూసి తుడిస్తే గీతల్లోకి నలుపు దిగి అక్షరం లేస్తుంది. బొద్దుగా ఉండదనేగాని, పద్ధతి మాత్రం మన రామభద్రుడిదే.

తాటాకు పోనివ్వండి, రాగిరేకు చూద్దాం. అన్నమయ్య సంకీర్తనల రేకులు 1922లో తిరుమల గుడిలోని సంకీర్తన భాండారం అనే చిన్న అరలోంచి బయటపడ్డాయి. రెండు వేల పైచిలుకు రేకులు. ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు ముందుండి చెక్కించినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారూ, వేటూరి ప్రభాకరశాస్త్రిగారూ, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారూ ఏళ్ళ తరబడి వాటితో కుస్తీ పట్టకపోతే ఇవాళ మనం పొద్దున్నే రేడియోలో అన్నమయ్యని వినేవాళ్ళం కాదు. ఆ రేకుల ఫొటోలు మీరు చూసే ఉంటారు. అక్కడా అంతే, ఉలి మొన ఎంతో గీత అంత. రాతి శాసనాల్లోనూ చాలా మటుకు ఇదే తీరు.

మూడో సాక్ష్యం కాళహస్తి కలంకారీ. వెదురు పుల్లకి బట్ట చుట్టి, రంగులో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తారు. తుప్పు ఇనుమూ, బెల్లమూ నానబెట్టి తీసిన నల్లరంగు అది. రంగు బట్ట మీద పాకకుండా ముందుగానే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో బట్టని తడిపి ఆరబెడతారు. రామాయణ ఘట్టాల కింద తెలుగులో కథ రాసి ఉంటుంది, గుళ్ళో తెరగా కట్టే పెద్ద బట్టల మీద. బొమ్మ గీసిన కలంతోనే ఆ రాతా. కొసలు నిబ్బు రాతలా పదునుగా ఉండవు, మెత్తగా గుండ్రబడి ఆగుతాయి. ఈ విద్యకి మారుపేరైన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. మనం బొమ్మల రంగులు మెచ్చుకుని వచ్చేస్తాం, కింద రాత వైపు చూడం. ఈసారి చూడండి.

మరి ఈ లావు-సన్నాల నాజూకు ఎప్పుడొచ్చింది? కాగితం, కలం, ఆ పైన సీసపు అచ్చులు వచ్చాక ఊపందుకుంది. తెలుగు పుస్తకం మొదట అచ్చయింది మన దేశంలో కాదు, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్నంలో, మద్రాసులో ఉండి వెళ్ళిన షుల్జ్ అనే పాదిరీ పూనికతో. ఆ తర్వాత మద్రాసులో అచ్చుకూటాలు వెలిశాయి. 1854లో వావిళ్ళ వారిది వచ్చింది. అచ్చు పుస్తకం ముద్దుగా ఉండాలని ఒక వంపుని లావు చేశారు, ఒక వంపుని సన్నం చేశారు. అదీ అందంగానే ఉంది, కాదనను. మా అమ్మమ్మ భాగవతం ఆ అక్షరాల్లోనే చదువుకుంది. కానీ తాతముత్తాతల వరసలో ఎవరు ముందు అని అడిగితే మాత్రం, ఒకే మందపు గీతే ముందు. ఇంగ్లీషు వాళ్ళు మెట్టెలు తీయడం నేర్చుకునే నాటికే మనకి తాటాకుల మీద, రాగిరేకుల మీద ఒకే మందపు గీత ఉంది. రామభద్ర చేసిందల్లా ఆ గీతకి కండ పట్టించడం.

అంత మాటన్నాను గాని, ఆ కండ పట్టించడంలోనే ఉంది అసలు అవస్థ. ఇంగ్లీషు అక్షరాన్ని లావు చేయడం తేలిక. పక్కలకి జరిగి చోటు చేసుకుంటుంది. మన అక్షరం లోపలికి తిరుగుతుంది. లావు చేసినకొద్దీ లోపలి ఖాళీలు పూడిపోతాయి. 'ఘ', 'ఝ' సంగతి చూడండి, కడుపులో మడతలే మడతలు. 'ప'కి లోపల చిన్న గీత పెడితే 'ష', కింద చిన్న ఒత్తు పెడితే 'ఫ'. 'ఠ'కి నడుమ ఉన్న చుక్కే ప్రాణం, అది చుట్టూ ఉన్న గోడకి అంటుకుంటే అక్షరం నల్లటి బిళ్ళ అవుతుంది. ఇక కింద వత్తులు. 'జ్యోత్స్న' అని రాసి చూడండి. మేడ మీద మేడ కాదు, నేలమాళిగ కింద నేలమాళిగ. అందుకని గీసేవాళ్ళు ఒక చమత్కారం చేస్తారు. వత్తుల్ని పై అక్షరం కన్నా ఒక పిసరు సన్నం చేస్తారు, గీతలు కలిసేచోట కాస్త చెక్కుతారు. కొలిస్తే సమానం కాదు, కంటికి మాత్రం సమానం. బజ్జీ పిండి జారుగా ఉందో గట్టిగా ఉందో గరిటెతో ఎత్తి చూసి చెప్పినట్టే, ఇదీ చేతివాటమే.

ఆ చేతివాటం కుదరకపోతే ఏమవుతుందో మా ఇంట్లో ఒకసారి అనుభవమైంది. మా చెల్లెలి కూతురు సుధ పెళ్ళికి పత్రికలు అచ్చు వేయించాం. పేరు బొద్దుగా కొట్టొచ్చినట్టు కనపడాలని మా మరిది పట్టుబట్టాడు. ఎంత చిన్న చోటులో ఎంత లావు అక్షరం పట్టించారో గాని, 'ధ' కింద ఉండాల్సిన ఒత్తు పైదానికి అంటుకుపోయి, చి.ల.సౌ. 'సుద' తయారైంది. వియ్యపురాలు పత్రిక అందుకుని, "ఏమ్మా, పిల్ల పేరు సుద్దముక్కా?" అంది నవ్వుతూ. నవ్వుతూనే అందిలెండి. ఆ పిల్ల మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ పత్రిక వేసిన ఫాంటు ఏదైతేనేం, ఒత్తున్నర మిల్లీమీటరు చోట్లో మనిషి పేరే మారిపోయింది. మనకి ఒత్తంటే అలంకారం కాదు, అర్థం.

ఫోన్లలో ఇంకో చిక్కు. ఇంగ్లీషుకి సరిపడా పెట్టిన వరసల మధ్య మన అక్షరాన్ని కూచోబెడతారు. పైన గుడి తల తెగుతుంది, కింద వత్తు కాలు తెగుతుంది. తిరుపతిలో ఎక్కడ చూసినా బోర్డు 'శ్రీ'తోనే మొదలవుతుంది కదా, పైన గుడిదీర్ఘం, కింద క్రారవడి, రెండూ ఉన్న అక్షరం. రెండు వైపులా వేటు పడేది పాపం దానికే. బొద్దు అక్షరం వాడినప్పుడు వరసకీ వరసకీ నడుమ చోటు ఇంకా ఎక్కువ వదలాలి. ఇది ఫాంటు గీసినవాళ్ళ తప్పు కాదు, వాడేవాళ్ళ పిసినారితనం.

ఎక్కడ వాడాలి అంటారా? దూరం నుంచి చదవాల్సిన చోట. గంగమ్మ జాతర బ్యానరు మీద, బడి వార్షికోత్సవం గుడ్డ మీద, ఊరగాయ సీసా చీటీ మీద, చలివేంద్రం మీద 'మంచినీళ్ళు' అని. వెనకటి నియాన్ దీపాల బోర్డులు జ్ఞాపకం చేసుకోండి. గాజు గొట్టాన్ని వేడిచేసి వంచుతారు గనుక అక్షరం ఒకే మందంగా, గుండ్రంగా తప్ప ఇంకోలా రాదు. చీకట్లో బస్సులోంచి చూసినా చటుక్కున చదవగలిగేవాళ్ళం. చత్వారం వచ్చిన కళ్ళకి కూడా ఈ రకం హాయి. మా వీధిలో ఒకావిడ అద్దాలు పెట్టుకోకుండా చదవగలిగేది పేపర్లో శీర్షికలేనంటుంది. కింద వార్త ఆయన చదివి చెబుతాడట, తనకి తోచినంత!

కానీ పేజీలకి పేజీలు ఇందులోనే అచ్చువేస్తే మాత్రం భరించలేం. పాయసం బాగుంది కదా అని అన్నం బదులు పాయసమే వడ్డిస్తే ఎవరు తింటారు? లోపలి మేటరుకి వేరే రకాలున్నాయి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకటకృష్ణారావుగారి పేర ఉన్న 'మండలి' ఫాంటు పత్రికల మేటరు కోసం చేసినదే. పైన రామభద్రుడు, కింద మండలి. ఎవరి పని వారిది.

పేర్ల మాట వచ్చింది గనుక ఒక్క సంగతి. అష్టదిగ్గజాల్లో ఆడవాళ్ళు లేరు, కనుక ఆ ఎనిమిది ఫాంట్లలోనూ లేరు. అన్నమయ్య ఇల్లాలు తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసింది. మొల్ల రామాయణం రాసింది. మన పక్కనే, అప్పటి చిత్తూరు జిల్లా తరిగొండలో 1730లో పుట్టిన వెంగమాంబ చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని, ఊరివాళ్ళ మాటలు పడి, కొండెక్కి, తాటాకు మీద గంటంతో 'వేంకటాచల మాహాత్మ్యం' రాసుకుంది. ఇప్పటికీ ఏకాంతసేవలో స్వామికి ఇచ్చేది ఆమె పేర ముత్యాల హారతి. 2011 నుంచి కొండ మీద యాత్రికులు భోజనం చేసేది ఆమె పేరు పెట్టిన అన్నప్రసాద భవనంలోనే. ఆమె పేర ఒక తెలుగు అక్షరం ఎవరైనా గీస్తే బాగుండునని నాకు కోరిక. ఆడదాని పేరు కదా అని తీగలు తీసి, నాజూకుగా, ఊదితే ఎగిరిపోయేలా గీస్తారేమో, అది మాత్రం వద్దు. అంతమందికి అన్నం పెట్టిన చెయ్యి. ఒకే మందంగా, నిండుగా, కొసలు గుండ్రంగా ఉండాలి. 'వెంగమాంబ' అని ఒకసారి రాసి చూసుకోండి. నాలుగే అక్షరాలు, వాటిల్లో రెండు సున్నలు, ఎటు చూసినా వంపులే. బొద్దు అక్షరానికి ఇంతకన్నా అనువైన పేరు నాకైతే తట్టలేదు.